నొప్పి మాత్ర పంటి వేరును కాపాడదు: అలైనర్ కంపెనీకి ఫిర్యాదు

క్లినికల్ విభాగం, కస్టమర్ కేర్ అధికారులకు,

విషయం: తెలుగు పేషెంట్ బుక్‌లెట్‌లోనూ యాప్‌లోనూ ఐబుప్రోఫెన్ గురించి ఉన్న తప్పు సూచనలు సవరించాలని కోరుతూ.

అయ్యా,

పళ్ల వరస సరిచేసే మీ అలైనర్ల (పళ్లకు తొడిగే ప్లాస్టిక్ ట్రేల) పెట్టెలో వచ్చే తెలుగు బుక్‌లెట్‌లో ‘నొప్పి’ అనే శీర్షిక కింద ఇలా ఉంది: “కొత్త ట్రే పెట్టుకున్న రోజు నుంచి 5 రోజులు ఐబుప్రోఫెన్ 400 మి.గ్రా. రోజుకు మూడుసార్లు వేసుకోండి. మంట తగ్గించే ఈ మందు పంటి వేర్లు కరగకుండా కూడా కాపాడుతుంది.” మొదటి వాక్యం ప్రమాదకరం. రెండోదానికి ఆధారం లేదు.

ముందు లెక్క చూడండి. వారానికో ట్రే చొప్పున 26 ట్రేల కేసంటే 182 రోజులు. అందులో 130 రోజులు మాత్రలే: మొత్తం 390 మాత్రలు, 156 గ్రాముల మందు. కీళ్లవాతానికి ఇన్నాళ్లు వాడేవాళ్లకు కూడా డాక్టర్లు మధ్యలో కిడ్నీ పరీక్ష, బీపీ చూస్తారు. మీ బుక్‌లెట్‌లో ఆ ఊసే లేదు.

ఒక్కో ట్రే పంటిని సుమారు పావు మిల్లీమీటరు జరపాలి. వేరుకూ ఎముకకూ మధ్యనున్న పలుచటి పొర మీద ఒత్తిడి పడగానే అక్కడ ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు తయారవుతాయి. నొప్పి పెంచేవీ అవే, ఎముకను తొలిచే కణాలను పురిగొల్పేవీ అవే. ఎముక తొలిస్తేనే పన్ను జరుగుతుంది. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి మందులు ఆ తయారీకే అడ్డుపడతాయి. జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో వీటివల్ల పళ్ల కదలిక మందగించడం చాలాసార్లు కనిపించింది. ఒకటి రెండు మాత్రలతో కొంపేమీ మునగదు. చికిత్సలో సగానికి పైగా రోజులు మింగమనడం దగ్గరే మా పేచీ. పన్ను వెనకబడితే ముందు పంటి అంచుకూ ట్రేకూ మధ్య సందు కనిపిస్తుంది, తర్వాతి ట్రే కూర్చోదు, మళ్లీ స్కాన్, అదనపు ట్రేలు. చికిత్స ఎంత సాగితే వేరు కరిగే అవకాశం అంత పెరుగుతుంది. అంటే వేరును కాపాడుతుందని మీరు రాసిన మాత్రే చుట్టూ తిరిగి దానికి చేటు తేవచ్చు.

‘కాపాడుతుంది’ అన్న మాట ఎక్కడ పుట్టిందో ఊహించగలం. వేరును తినే కణాలు ఎముకను తినే కణాలకు దాయాదులే కాబట్టి ఒకదాన్ని ఆపితే రెండోదీ ఆగుతుందన్న ఆలోచన ఎప్పటినుంచో ఉంది. ఎలుకల ప్రయోగాల్లో కొన్ని మందులతో వేరు మీది గుంటలు తగ్గాయి, కొన్నిటిలో తేడా లేదు. వేరు కాపాడటానికని మనుషులకు మాత్ర రాసేంత రుజువు ఇప్పటికీ లేదు.

ముప్పు ఎక్కువగా పై ముందు పళ్లకే. పై మధ్య పంటి వేరు సుమారు 13 మి.మీ. ఉంటుంది, 4 మి.మీ. పోతే దాదాపు మూడో వంతు పోయినట్టే. వేరు పక్కన పడ్డ చిన్న గుంటలు ఒత్తిడి ఆగాక సిమెంటంతో (వేరు మీది గట్టి పొరతో) పూడతాయి. కొన దగ్గర తగ్గిన పొడవు మాత్రం తిరిగి రాదు. ఇదంతా నొప్పి లేకుండా జరుగుతుంది. ఎక్స్‌రేలో పెన్సిల్ మొనలా ఉండాల్సిన కొన మొద్దుబారి కనిపించాకే తెలుస్తుంది. కాబట్టి మొదలుపెట్టే ముందొకటి, 6 నుంచి 9 నెలల మధ్య ఒకటి ముందు పళ్ల ఎక్స్‌రే తీయాలి. కొన కరుగుతున్నట్టు తేలితే 2, 3 నెలలు పళ్లను జరపడం ఆపి, అదే ట్రేతో నిలబెట్టాలి. వేరుకు ముప్పు తగ్గాలంటే, పంటిని ఎముకలోకి దించే కదలికలో ఒక్కో పంటికి 10–20 గ్రాముల ఒత్తిడి చాలు. మీ కేసు ఫారంలో పంటికి గతంలో దెబ్బ తగిలిందా అన్న ప్రశ్న లేదు, వేరు కొన సన్నగా వంకర తిరిగి ఉందా అని నింపే గడీ లేదు. వేర్ల మీద అంత శ్రద్ధ ఉంటే అక్కడ మొదలుపెట్టాల్సింది.

ఇక అనువాదం. తెలుగులో ‘మంట తగ్గించే మందు’ అంటే ఎవరైనా కడుపు మంట మాత్రే అనుకుంటారు. ఐబుప్రోఫెన్ చేసేది సరిగ్గా దానికి విరుద్ధం: ఖాళీ కడుపున వేసుకుంటే మంట పుట్టిస్తుంది! ‘నొప్పి, వాపు తగ్గించే మాత్ర’ అని రాయండి.

అల్సర్, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు, నొప్పి మాత్రలతో ఆయాసం వచ్చే ఆస్తమా రోగులు, గర్భిణులు ఈ మాత్రల జోలికి సొంతంగా పోకూడదు. వానాకాలంలో జ్వరం ఉంటే అసలే వద్దు. అది డెంగీ అయితే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. “ట్రే మార్చారా? మాత్ర వేసుకున్నారా?” అని మీ యాప్ పంపే మెసేజ్‌కు ఇవేవీ తెలియవు.

ఆ మెసేజ్ వెంటనే ఆపేయండి. బుక్‌లెట్‌లో ఆ రెండు వాక్యాలు తీసేసి, పెద్దవాళ్లకు ఇలా రాయండి: నొప్పి కొద్ది గంటల్లో మొదలై ఒక రోజుకు ముదిరి, వారంలోపు తగ్గుతుంది, ఓర్చుకోలేకపోతేనే పారాసెటమాల్ 500 మి.గ్రా., 6 గంటల ఎడంతో, రోజుకు నాలుగు మించకుండా, లివర్ జబ్బుంటే డాక్టర్‌ను అడిగాకే. పిల్లల మోతాదు బరువును బట్టి డాక్టరే చెప్పాలి. మెడికల్ షాపుల్లో పారాసెటమాల్‌తో ఐబుప్రోఫెన్ కలిసిన మాత్రలూ దొరుకుతాయి కాబట్టి స్ట్రిప్ వెనక పేర్లు చదవమని కూడా చేర్చండి. ఇప్పటికే పెట్టెలు అందుకున్నవాళ్లకు తెలుగులోనే సవరణ పంపాలి. కొత్త పేజీ ప్రూఫ్ అచ్చుకు వెళ్లే ముందు మాకు చూపించండి. 30 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వగలరు.

జతపరచినవి: బుక్‌లెట్ పేజీ ఫొటో, యాప్ స్క్రీన్‌షాట్.

ఇట్లు,
మీ అలైనర్లతో చికిత్స చేస్తున్న ఆర్థోడాంటిస్టులు