‘ఎక్సోడస్’ను రెండుగా కోయకండి

సంపాదకుడి గారికి,

నమస్కారం. మీ ఆదివారం అనుబంధంలో జమైకా రెగే గాయకుడు బాబ్ మార్లీ ‘ఎక్సోడస్’ ఆల్బమ్ మీద వచ్చిన వ్యాసం చదివాను. జమైకా సంగీతానికి ఒక తెలుగు పత్రిక ఇంత చోటు ఇవ్వడం సంతోషం. కానీ అందులో ఒక్క మాట నాకు మింగుడు పడలేదు. రికార్డు మొదటి వైపున్న ఐదు పాటలే అసలైన నిరసన అనీ, రెండో వైపువి కాలక్షేపం పాటలనీ, అవి లేకపోతే ఆల్బమ్ ఇంకా గొప్పగా ఉండేదనీ రాశారు. ఇది ఆ వ్యాసకర్త ఒక్కరి అభిప్రాయమే అయితే ఊరుకునేవాణ్ని. పోరాటం పాడేవాడు ప్రేమ పాట ఎత్తుకుంటే పలచబడిపోయాడనడం మన సభల్లో, సమీక్షల్లో ఎప్పటినుంచో వింటున్నాం.

ఆ పాటలు ఏ పరిస్థితిలో పుట్టాయో చూడండి. 1976లో జమైకా అట్టుడికిపోతోంది. ప్రధాని మైకేల్ మాన్లీ పార్టీకీ, ప్రతిపక్ష నేత ఎడ్వర్డ్ సియాగా పార్టీకీ మధ్య గొడవలు పేదల పేటల్లో తుపాకుల దాకా వెళ్లాయి. ఎమర్జెన్సీ పెట్టారు. ఆ వాతావరణంలో డిసెంబర్ 5న ఉచిత కచేరీ చేయడానికి మార్లీ ఒప్పుకున్నాడు. ఏ పార్టీతోనూ సంబంధం లేకుండా జరగాలన్నది అతని కోరిక. ఈలోగా ప్రభుత్వం డిసెంబర్ 15న ఎన్నికలు ప్రకటించేసరికి అది మాన్లీ కోసం పెట్టిన సభలా కనబడింది. 3వ తేదీ రాత్రి రాజధాని కింగ్‌స్టన్‌లో హోప్ రోడ్డులోని మార్లీ ఇంట్లోకి సాయుధులు చొరబడి కాల్పులు జరిపారు. ఒక తూటా మార్లీ ఛాతీని రాసుకుంటూ పోయి చేతిలో దిగింది. భార్య రీటాకు తలకు తగిలింది. మేనేజర్ డాన్ టేలర్ చావు తప్పి బయటపడ్డాడు. అయినా రెండు రోజులకే మార్లీ వేదిక ఎక్కాడు, పాడాడు. ఆ తర్వాత దేశం విడిచి, లండన్‌లో ఈ ఆల్బమ్ చేశాడు. 1977 జూన్ 3న విడుదలైంది.

మొదటి వైపు గొప్పదనం గురించి నాకు పేచీ లేదు. ‘నాచురల్ మిస్టిక్’ దాదాపు నిశ్శబ్దంలోంచి మొదలై, మెల్లమెల్లగా పెరిగి గది నిండుతుంది. ‘గిల్టీనెస్’లో చిన్న చేపల్ని మింగే పెద్ద చేపల లెక్క తేలుస్తాడు. టైటిల్ పాట ‘ఎక్సోడస్’ (అంటే సామూహిక వలస) ఏడు నిమిషాలకు పైగా నడుస్తుంది. మార్లీ బ్యాండ్‌లోని ఆస్టన్ బారెట్ బేస్ గిటార్ వింటుంటే జనం నడిచి వెళ్తున్నట్టే ఉంటుంది.

రికార్డు తిప్పి చూడండి. రెండో వైపు మొదటి పాట ‘జామింగ్’. కాళ్లు ఆగవు, నిజమే. కానీ ఆ చిందుల మధ్యలోనే, ఇక ఏ తూటా మమ్మల్ని ఆపలేదు, మేం అడుక్కోం, తల వంచం అని పాడతాడు. తూటా తిని ఏడాది కూడా తిరగని మనిషి అంటున్న మాట అది. ఇది కాలక్షేపమా? 1978 ఏప్రిల్ 22న కింగ్‌స్టన్ నేషనల్ స్టేడియంలో శాంతి కచేరీ జరిగింది. ఒకరి మీద ఒకరు కత్తులు నూరుతున్న మాన్లీనీ, సియాగానీ మార్లీ వేదిక మీదకు పిలిచి, ఇద్దరి చేతులూ తన తల మీదుగా కలిపి పట్టుకున్నాడు. అప్పుడు బ్యాండ్ వాయిస్తున్నది ‘జామింగే’. అంత పెద్ద రాజకీయ ఘడియకు అక్కరకొచ్చింది మీ వ్యాసకర్త తీసేయమన్న వైపు పాట! చివరి పాట ‘వన్ లవ్’లోనూ అంతే. అందరూ కలిసి ఉందామంటూనే, తన స్వార్థం కోసం లోకాన్ని గాయపరిచినవాడికి చోటుందా అని నిలదీస్తాడు.

తెలుగువాళ్లకు ఇది కొత్తగా అనిపించకూడదు. బుర్రకథలో కథకుడికి ఒక పక్క వంత రాజకీయం మాట్లాడితే, రెండో పక్క వంత హాస్యం చెబుతాడు. హాస్యం చెప్పేవాణ్ని దించేస్తే కథకు బలం పెరుగుతుందని నాజర్ గారి కథలు విన్నవాళ్లెవరూ అనరు.

వ్యాపారం చేసేది దీనికి సరిగ్గా తిరగేసిన పని. ‘వన్ లవ్’ ఏళ్ల తరబడి జమైకా టూరిజం ప్రకటనల్లో మోగింది. ‘త్రీ లిటిల్ బర్డ్స్’ ప్రశాంతమైన పాటల ప్లేలిస్టుల్లోకి పోయింది. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ టీషర్టుల మీద మార్లీ ముఖం మన బజార్లలోనూ అమ్ముతారు, వేసుకునే పిల్లలకు తూటా సంగతి చెప్పేవాళ్లు లేరు. వాళ్లు సరదాను ఉంచుకుని కోపాన్ని పారేస్తే, మనం కోపాన్ని ఉంచుకుని సరదాను పారేయమంటున్నాం. 1999లో టైమ్ పత్రిక శతాబ్దపు ఉత్తమ ఆల్బమ్‌గా ఎంచింది పది పాటలూ కలిసిన రికార్డును.

నా విన్నపం రెండు మాటల్లో చెబుతాను. మే 11న మార్లీ వర్ధంతికి మళ్లీ రాసేటప్పుడు పది పాటల నేపథ్యమూ, భావమూ తెలుగులో ఇవ్వండి; ఆ యాస ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లకే ఒక పట్టాన అర్థం కాదు. అలాగే ఎఫ్ఎం వాళ్లు ఆ రోజు ఒక్క ముప్పావు గంట కేటాయించి, మధ్యలో ప్రకటనలు లేకుండా, ఉన్న వరుసలోనే ఈ ఆల్బమ్ మొత్తం వినిపించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు, హనుమకొండ