బుజ్జితల్లికి, కొండ కింది రాజ్యం గురించి

బుజ్జితల్లీ,

గేమ్ కోసం నువ్వు రాసి పంపిన డ్వార్ఫుల రాజ్యం, అదే కథల్లో కొండ కింద గనులు తవ్వుకుని బతికే ఆ పొట్టి జాతి రాజ్యం, మొత్తం చదివాను. గడ్డాలు బాగున్నాయి, గొడ్డళ్ళు బాగున్నాయి. సింహాసనం కింద పారే లావా కూడా బొమ్మలో బాగానే ఉంటుంది, దాని మీద పది నిమిషాలు కూర్చున్న రాజు సంగతే చెప్పలేం. కానీ కొండ కింద పన్నెండు వేలమంది ఉంటున్నారని రాసి, వాళ్ళు ఏం తింటారో, కొలిమి పొగ ఎటు పోతుందో, పిల్లలు ఎంతమందో ఎక్కడా రాయలేదు. స్వభావం మాత్రం "మొండివాళ్ళు, పిసినారులు, గుట్టుగా ఉంటారు" అని ఒక్క లైన్లో తేల్చేశావు. ఆ మూడూ వాళ్ళకు పుట్టుకతో వచ్చిన జబ్బులు కావే. కొండ కింద బతికే ఎవరికైనా వస్తాయి. ఎలాగో చెప్తాను, లెక్కలతో సహా.

ముందు తిండి. మనిషికి రోజుకు ముప్పావు కిలో గింజలు వేసుకో. పన్నెండు వేలమందికి తొమ్మిది టన్నులు. కొండదారిలో ఒక గుర్రం తొంభై కిలోలు మోస్తుందనుకుంటే, రోజూ వంద గుర్రాలు నీ సింహద్వారం దగ్గర బరువు దించాలి. పాతకాలపు వర్షాధారపు సాగులో ఎకరానికి మూడు క్వింటాళ్ళే అనుకున్నా, ఏడాదికి పదకొండు వేల ఎకరాల పంట వాళ్ళ కడుపుల్లోకే పోతుంది. పండించిన రైతులు తినేదీ, విత్తనానికి దాచేదీ ఇందులో లేవు. పుట్టగొడుగులు పెంచుకుంటారని రాశావు. పుట్టగొడుగు కూరకు పనికొస్తుంది గానీ కడుపు నింపదు. పైగా అది పెరగడానికి గడ్డో, పేడో, కుళ్ళిన చెక్కో కావాలి, అవి కూడా బయటినుంచి రావాల్సినవే.

ఈ సంగతి "హాబిట్", "లార్డ్ ఆఫ్ ద రింగ్స్" కథలు రాసిన టోల్కీన్‌కు బాగా తెలుసు. ఆయన కథల్లో ఎరెబోర్ పర్వతంలోని డ్వార్ఫులు పంట పండించే గోల పెట్టుకోలేదు. కింద డేల్ పట్నం మనుషులు తిండి పంపితే, వీళ్ళు పనిముట్లూ నగలూ ఇచ్చేవాళ్ళు. ఆయన కథల కాలెండర్లో మూడో యుగం 2770లో డ్రాగన్ వచ్చి కొండనీ పట్నాన్నీ కలిపే నాశనం చేసింది. నీ రాజ్యంలోనూ కోటగోడ కంటే ఈ ఒప్పందమే ముఖ్యం. తూనికరాళ్ళు ఎవరి దగ్గర ఉంటాయి, మంచు పడి దారి మూసుకుపోయే నెలలకు ఎంత ధాన్యం నిలవుండాలి, ఆ గాదెల తాళంచెవులు ఎవరివి, ఇవి రాయి. రెండేళ్ళ గింజలు ఎప్పుడూ గాదెలో ఉండాల్సినవాడు గింజ గింజా లెక్కపెడతాడు. బయటివాళ్ళు దానికి పిసినారితనం అని పేరు పెడతారు.

సరుకున్నచోటికి కొనేవాడు ఎంత దూరంనుంచైనా వస్తాడు, అది నమ్మొచ్చు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో చేసిన ఉక్కు కోసం 1820ల్లో కూడా పారసీక వర్తకులు వచ్చి, ఇనుము తూకం దగ్గరుండి చూసుకుని మరీ కొనేవాళ్ళు. ఇనుమును మట్టిమూసలో పెట్టి, మూత చుట్టూ మట్టి మెత్తి, గంటలకొద్దీ తిత్తులు ఊది కరిగించేవాళ్ళు. తీశాక నెమ్మదిగా చల్లారాలి, తొందరపడితే ముద్ద పెళుసెక్కి సమ్మెట దెబ్బకు పగులుతుంది. నీ డ్వార్ఫుల రహస్య లోహానికి మంత్రం పెట్టకు, ఇలాంటి పద్ధతి ఒకటి పెట్టు. దొంగిలించడానికి వచ్చినవాడు దినుసులు ఎత్తుకుపోగలడు, చల్లార్చే ఓపికను ఎలా ఎత్తుకుపోతాడు?

ఇప్పుడు గాలి. నీ మ్యాప్‌లో పెద్ద తప్పు ఇక్కడే ఉంది. కొలుములన్నీ సింహద్వారం పక్కనే పెట్టావు. చలికాలంలో కొండ లోపల వెచ్చగా, బయట చల్లగా ఉంటుంది. వెచ్చటి గాలి పై షాఫ్ట్‌లోంచి, అంటే పైకి తవ్విన నిలువు సొరంగంలోంచి, బయటికి పోతుంటే, కింది ద్వారంలోంచి చల్లగాలి లోపలికి వస్తుంది. అంటే నీ కొలిమి పొగంతా ఊరంతా తిరిగి, పిల్లలు పడుకునే గదులు దాటాకే పైకి పోతుంది. పొగైతే కనపడుతుంది, దగ్గు వస్తుంది, పారిపోతారు. కర్రబొగ్గు సరిగ్గా మండనప్పుడు వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు. ప్రాణవాయువు తగ్గినచోట దీపం కొండెక్కి ముందే చెప్తుంది. దీని విషయంలో ఆ దీపం కూడా నిక్షేపంగా వెలుగుతూనే ఉంటుంది. తలనొప్పి, మత్తు, నిద్ర, ఆ తర్వాత లేవరు. అందుకే కొలుములు గాలి బయటికి పోయే చివర ఉండాలి, పడకగదులూ గాదెలూ గాలి వచ్చే వైపు ఉండాలి.

ఇంకో చిక్కుంది. ఎండాకాలం పగలు ఇదంతా తిరగబడుతుంది. లోపలే చల్లగా ఉంటుంది కాబట్టి గాలి పైనుంచి దిగి కింది ద్వారంలోంచి పోతుంది, కొలిమి పొగ ఊళ్ళోకి వెనక్కి వస్తుంది. లోపలా బయటా ఒకే వేడి ఉన్న రోజుల్లో గాలి అసలు కదలదు. దీనికి పాత గనుల్లో ఒక ఉపాయం ఉండేది. పై షాఫ్ట్ అడుగున ఎప్పుడూ నిప్పు మండిస్తూ ఉంటే ఏ కాలంలోనైనా గాలి అటే లాగుతుంది. నీ రాజ్యంలో ఆ నిప్పును కాపలా కాసే వంశం ఒకటి పెట్టు. రాజు చచ్చిపోతే వారం సంతాపం పాటించొచ్చు, ఆ నిప్పు ఆరితే అంత టైం ఉండదు. తాతలనాటి పద్ధతి ఒక్కటీ మార్చనివ్వని మొండితనం ఎక్కడినుంచి వచ్చిందో ఆ వంశంవాళ్ళని అడిగితే చెప్తారు.

లోతు కూడా తగ్గించు. అయిదు కిలోమీటర్ల కింద మహాసభ పెట్టావు. మామూలు నేలలో కిలోమీటరుకు పాతిక ముప్ఫై డిగ్రీలు పెరుగుతుంది, అంటే నీ మంత్రులు నీళ్ళు మరిగే వేడిలో చర్చిస్తున్నారు. కోలార్ బంగారు గనుల్లో మూడు కిలోమీటర్లు దాటారంటే యంత్రాలతో గాలిని చల్లబరచి పంపబట్టే. నీ సభను అర కిలోమీటరు దగ్గర ఆపు.

తవ్వేటప్పుడు పైకప్పు మోయడానికి రాతి స్తంభాలు వదలాలి. ఆ స్తంభాల్లోనూ ఖనిజం ఉంటుంది. ఊరు చితికినప్పుడు ఎవడో ఒకడు "ఈ ఒక్క స్తంభం సన్నం చేద్దాం" అంటాడు. దురాశ చూపించాలంటే బంగారం గుట్ట మీద పడుకున్న రాజు కంటే ఈ మాట అన్నవాడు మేలు. టోల్కీన్ కథల్లో డ్వార్ఫుల కొండ కింది నగరం ఖజాద్-దూమ్ కూలిందీ ఇలాంటి దురాశతోనే. మిథ్రిల్ అనే అరుదైన వెండిలాంటి లోహం కోసం లోతుకు, ఇంకా లోతుకు తవ్వి, మూడో యుగం 1980లో అడుగున నిద్రపోతున్న బాల్రోగ్ అనే నిప్పు భూతాన్ని లేపారు. ఆ ఏడు రాజు పోయాడు, మరుసటి ఏడు ఆయన కొడుకు. మిగిలినవాళ్ళు ఊరొదిలిపోయారు.

ఇక ఆడవాళ్ళ లెక్క. నువ్వు ఒక్క ఆడమనిషిని కూడా రాయలేదు, అదేంటే? టోల్కీన్ దగ్గర ఆడవాళ్ళు మొత్తంలో మూడోవంతు కంటే ఎక్కువ ఉండరు. ప్రయాణాల్లో వేషంలో, గొంతులో మగవాళ్ళలాగే ఉంటారు కాబట్టి బయటివాళ్ళు గుర్తుపట్టలేరు. ఒక్కరినే పెళ్ళాడతారు, కొందరు ఆడవాళ్ళు అసలు వద్దంటారు, పనిలో మునిగిన మగవాళ్ళు చాలామందికి ఆ ధ్యాసే ఉండదు. లెక్క వెయ్యి. పుట్టేవాళ్ళలో ముగ్గురిలో ఒకరే ఆడపిల్ల అయితే, జనాభా తగ్గకుండా నిలవాలంటే సగటున ఒక్కో ఆడమనిషికి ముగ్గురు పుట్టి బతకాలి. నాలుగోవంతు పెళ్ళి వద్దంటే మిగతావాళ్ళకు నలుగురేసి. అందుకే ఒక్క యుద్ధం దెబ్బ వాళ్ళకు తరాలపాటు మానదు. మూడో యుగం 2799లో అజానుల్‌బిజార్ లోయ దగ్గర ఓర్కులనే శత్రువుల మీద గెలిచారు, కానీ నిలబడగలిగినవాళ్ళు, బతుకుతారన్న ఆశ ఉన్నవాళ్ళు సగమే. చచ్చినవాళ్ళను రాతిలో పెట్టడం వాళ్ళ ఆచారం. అంతమందికి సమాధులు చెక్కాలంటే ఏళ్ళు పడుతుందని చితి పేర్చి కాల్చారు. ఆ తర్వాత "మా తాత కాలినవాడు" అని చెప్పుకోవడం వాళ్ళకు గౌరవమైంది. అన్ని వంశవృక్షాల్లో పేరున్న ఆడమనిషి ఒక్కతే, దీస్. నీ కథలో ఆ లోటు తీర్చు.

గుట్టు సంగతికొస్తే, వాళ్ళ భాష బయటివాళ్ళకు నేర్పరు. అసలు పేరు ఎవరికీ చెప్పరు, సమాధి రాయి మీద కూడా చెక్కరు. బయట వాడే పేర్లు పక్కనున్న మనుషుల భాషలోవి. ఆ పేర్లు టోల్కీన్ సొంతంగా అల్లినవీ కావు, పాత నార్స్ (స్కాండినేవియా) పద్యంలోని జాబితాలోంచి ఎక్కువ తీసుకున్నాడు. ఆ నార్స్ వాళ్ళ ఒక ముచ్చట నీ కొలిమి సీన్‌కు సరిగ్గా సరిపోతుంది. ఇద్దరు డ్వార్ఫు అన్నదమ్ముల్లో ఒకడు నిప్పులో ఇనుము పెట్టి, ఏమైనా తిత్తి ఆపొద్దని రెండోవాడు బ్రోక్‌కు చెప్పి వెళ్తాడు. లోకి అనే టక్కరి దేవుడు ఈగ రూపంలో వచ్చి బ్రోక్ కనురెప్ప మీద కుడతాడు. రక్తం కళ్ళలోకి కారి ఏమీ కనపడక, బ్రోక్ ఒక్క క్షణం చెయ్యి తీసి ఈగను తోలుతాడు. అంతే, ఉరుముల దేవుడు థోర్ సమ్మెటకు పిడి పొట్టిగా వచ్చింది.

ఒక్క మాట మర్చిపోయాను. తెలుగులో "మరుగుజ్జులు" అని రాయకు, ఎత్తు తక్కువున్న నిజం మనుషులను అనే మాట అది. కుబేరుడి నిధులు కాపలా కాసే గుహ్యకులు మనకున్నారు కదా, పేరులోనే గుట్టు ఉంది. ఆ మాట వాడి చూడు, నప్పకపోతే డ్వార్ఫులనే ఉంచు.

మ్యాప్ మార్చి పంపు, గాలి ఎటునుంచి ఎటు పోతుందో బాణం గుర్తులు వేసి. రాణికి రెండు పేర్లు పెట్టు. ఒకటి ఆడేవాళ్ళకు చెప్పు, రెండోది నాక్కూడా చెప్పకు.

అమ్మ