హీరోల పక్కవాళ్ల గురించీ రాయండి

సంపాదకులకు నమస్కారం.

పాత హాలీవుడ్‌పై మీ ఆదివారం వ్యాసం ఇష్టంగా చదివాను. కానీ అందులో అందరూ హీరోలే. సహాయ పాత్రల్లో మెప్పించిన నటుడు థామస్ మిచెల్ పేరే లేకపోవడం బాధనిపించింది.

1939 ఒక్క ఏడాదిలోనే ఆయనవి ఐదు పెద్ద సినిమాలు వచ్చాయి. 'గాన్ విత్ ద విండ్'లో హీరోయిన్ స్కార్లెట్ తండ్రి ఆయనే. 'స్టేజ్‌కోచ్'లో తాగుబోతు డాక్టరు వేషానికి సహాయ నటుడిగా ఆస్కార్ వచ్చింది. దారిలో కాన్పు చేయాల్సి వచ్చి, ఆ డాక్టరు బ్లాక్ కాఫీ మీద కాఫీ తాగి మత్తు దించుకుంటాడు. ఆ ఒక్క సీనులో మనిషి మొత్తం తెలిసిపోతాడు.

'ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్' (1946)లో ఆయనది మతిమరుపు బిల్లీ బాబాయి పాత్ర. వేళ్లకు దారాలు కట్టుకుని తిరుగుతాడు. 8,000 డాలర్లు పోగొట్టి, అన్న కొడుకు చేత తిట్లు తిని, బల్ల మీద తలవాల్చి ఏడుస్తుంటే పెంపుడు ఉడుత చేతి మీదికెక్కుతుంది. నేను ఎన్నిసార్లు చూసినా అక్కడ గొంతు పట్టేస్తుంది.

1953లో టీవీ నటనకిచ్చే ఎమ్మీ, రంగస్థల నటనకిచ్చే టోనీ కూడా గెలిచి, ఆస్కార్‌తో కలిపి ఈ మూడు అవార్డులూ అందుకున్న తొలి పురుష నటుడయ్యారు. వచ్చే సంచికల్లో ఆయనకూ, వాల్టర్ బ్రెన్నన్, హాటీ మెక్‌డానియల్ వంటివారికీ ఒక్కో పేజీ ఇవ్వండి.

– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం