మంత్రిగారూ, ‘బంధువులు ఉన్నారు’ అని రాసి పక్కన పెట్టిన ఫైళ్ళు ఒక్కసారి తెరిపించండి

రాష్ట్ర స్త్రీ శిశు సంక్షేమ శాఖ మంత్రి గారికి,

నమస్కారమండి. విశాఖపట్నం నుంచి రాస్తున్నాను. మద్దిలపాలెం దగ్గర ఉంటాం. మా ఆయనది ప్రైవేటు ఉద్యోగం, నేను ఇంట్లోనే పిల్లలకి ట్యూషన్లు చెప్తాను. 2024లో ప్రభుత్వ సంరక్షణలో ఉన్న ఏడేళ్ళ పాపని దత్తత తీసుకున్నాం. పాప పేరు రాయను, ఫొటో పెట్టను, ఉత్తరాంధ్రలో ఏ ఊళ్ళో ఏ గృహం నుంచి తెచ్చుకున్నామో కూడా చెప్పను. ఇలాంటి పిల్లల వివరాలు బయటపెట్టకూడదని జువెనైల్ జస్టిస్ చట్టంలోనే ఉంది, ఉండాలి కూడా. తను ఆ గృహానికి ఎందుకు వచ్చిందన్నది తన సొంత కథ, పెద్దయ్యాక తనకిష్టమైతే చెప్పుకుంటుంది. కానీ అక్కడికి వచ్చాక మూడేళ్ళ పాటు తన ఫైలు ఏమైందో మాత్రం నేను చెప్పి తీరాలి, ఎందుకంటే అలాంటి ఫైలు అక్కడ అదొక్కటే లేదు.

మూడున్నరేళ్ళప్పుడు వచ్చింది. ఫైల్లో ఎవరో ఒక మాట రాశారు, "బంధువులు ఉన్నారు" అని. అంతే. ఆ బంధువులు ఒక సంక్రాంతికి వచ్చి గాజులు, ఒక గౌను ఇచ్చి వెళ్ళారట. తర్వాత ఎవరూ రాలేదు, ఫోన్ కూడా చేయలేదు. బంధువులున్నారు కాబట్టి అనాథ కింద రాయలేదు, ఒకసారి వచ్చి చూశారు కాబట్టి వదిలేసిన పిల్ల కింద కూడా రాయలేదు, ఈ రెంటిలో ఏదీ కాదు కాబట్టి బాలల సంక్షేమ సమితి ముందు దత్తతకి అర్హురాలని తేల్చమని ఎవరూ పెట్టలేదు. సమితి లీగల్లీ ఫ్రీ, అంటే దత్తతకి ఇవ్వొచ్చు అని ఉత్తర్వు ఇస్తే తప్ప దేశమంతా దత్తతలు చూసే కేంద్ర సంస్థ కారా పోర్టల్లో పిల్లల పేరు ఎక్కదు కదండీ. పోర్టల్లో ఎక్కని పిల్ల, ఎన్ని వేల మంది ఎదురుచూస్తున్నా, వాళ్ళలో ఒక్కరికి కూడా కనిపించదు. సమీక్ష జరిగిన ప్రతిసారీ అదే మాట మళ్ళీ రాసుకుంటూ పోయారు. పాపకి నాలుగేళ్ళు నిండాయి, ఐదు నిండాయి, ఆరు నిండాయి.

అప్పుడు కొత్తగా ఒక సోషల్ వర్కర్ వచ్చింది, కాంట్రాక్టు మీద. ఇరవై ఆరేడేళ్ళ అమ్మాయి. ఫైలు చదివి, అందులో ఉన్న చిరునామా పట్టుకుని, బస్సెక్కి ఆ ఊరు వెళ్ళింది. అరుగు మీద కూర్చుని మాట్లాడింది. వాళ్ళు చెడ్డవాళ్ళేం కాదట, కూలి పనులకి పోయేవాళ్ళు, ముగ్గురు పిల్లలున్నారు. "మేం పెంచలేమమ్మా, ఎవరైనా బాగా చూసుకునేవాళ్ళు తీసుకుంటే మాకూ అంతకంటే ఏం కావాలి" అన్నారట. తర్వాత సమితి ముందుకి వచ్చి అదే మాట చెప్పి సంతకం పెట్టారు. ఈ విషయం ఆ అమ్మాయే నాకు చెప్పింది, చాలా మామూలుగా చెప్పింది, మధ్యాహ్నం వెళ్ళి సాయంత్రం బస్సుకి వచ్చేశానండీ అని. నేను ఆ రాత్రి నిద్రపోలేదు. మూడేళ్ళు, మంత్రిగారూ. మూడేళ్ళు ఆగిపోయింది ఒక పూట పని కోసం!

చట్టంలో గడువులు లేవా అంటే ఉన్నాయి. వదిలేసిన పిల్లలు రెండేళ్ళ లోపు వాళ్ళయితే రెండు నెలల్లో, అంతకంటే పెద్దవాళ్ళయితే నాలుగు నెలల్లో తేల్చాలి. తల్లిదండ్రులే అప్పగించిన బిడ్డయితే వాళ్ళు మనసు మార్చుకోవడానికి 60 రోజులు టైమిస్తారు. కానీ ఆచరణలో ఈ గడువులన్నీ ఫలానా రకం పిల్ల అని ఎవరైనా రాసినప్పుడే లెక్కలోకి వస్తున్నాయి. ఎటూ రాయకుండా వదిలేసిన పిల్లకి ఏ గడువూ అమలు కావట్లేదు. 2023 నవంబరులో సుప్రీంకోర్టు కూడా దీని గురించే చెప్పింది, గృహాల్లో ఉన్న అనాథ, వదిలేసిన, అప్పగించిన పిల్లల్ని గుర్తించే పని ఎప్పటికప్పుడు జరగాలని, 2024 జనవరి నెలాఖరుకల్లా ప్రతి జిల్లాలో ఒక దత్తత సంస్థ ఉండాలని రాష్ట్రాలన్నిటికీ ఆదేశం ఇచ్చింది. చూడటానికి ఎవరూ రాని పిల్లల్నీ, ఉన్న సంరక్షకులు పెంచలేని పిల్లల్నీ కూడా విడిగా గుర్తించాలని కేంద్రం ఇప్పటికే చెప్పింది. మా పాప అచ్చంగా అలాంటి పిల్లే. కాగితం మీద తనకి కూడా చోటుంది, ఆ చోట్లో తన పేరు రాసేవాళ్ళే లేకపోయారు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఆ ఫైలు సమయానికి కదిలి ఉంటే పాప నాలుగేళ్ళకే ఏదో ఒక ఇంటికి వెళ్ళిపోయి ఉండేది. మా ఇంటికి వచ్చేది కాదు. మేం అప్పటికి నమోదు కూడా చేసుకోలేదు. ఆ సంగతి నాకు తెలుసు, తెలిసే అడుగుతున్నాను. తను ఇవాళ నా పక్కన కూర్చుని ఎక్కాలు చదువుతోంది, తను లేని ఇల్లు నేను ఊహించుకోలేను, అయినా సరే ఆ మూడేళ్ళు తనకి దక్కి ఉండాల్సిందనే అంటాను.

మా సంగతి క్లుప్తంగా చెప్తాను. 2022 చివర్లో నమోదు చేసుకున్నాం. అప్పటికి మా ఆయనకి 48, నాకు 44. భార్యాభర్తల వయసు కలిపి లెక్కేస్తారు, 85 దాటితే రెండేళ్ళ లోపు పిల్లలు రారు, 90 దాటితే నాలుగేళ్ళ లోపు వాళ్ళు రారు. మాది 92. అంటే నాలుగు నుంచి ఎనిమిదేళ్ళ మధ్య పిల్లలకి అర్హత. మా చుట్టాల్లో ఒకావిడ "ఆ వయసు పిల్లకి అన్నీ గుర్తుంటాయి, మీకు మాలిమి అవదు" అంది. ఇంకొకాయన నెమ్మదిగా పక్కకి పిలిచి, ఫలానా నర్సుకి చెప్తే పురిటి బిడ్డనే తెచ్చిపెడుతుంది, ఈ పోర్టళ్ళు అవీ ఎందుకు అన్నాడు. పసిపిల్లల్ని అమ్మిన కేసులతో మన విశాఖ పేరు ఎన్నిసార్లు పేపర్లకెక్కిందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఇటు పోర్టల్లో మూడేళ్ళు, ఆ పైన వేచి ఉండాలని విన్నవాళ్ళు అటు దళారి మాట వింటున్నారు. అది తప్పు, నేను సమర్థించను. కానీ 2024-25లో దేశం మొత్తం మీద కారా ద్వారా జరిగిన దత్తతలు 4,515, దాదాపు పన్నెండేళ్ళలో అదే ఎక్కువ అని చెప్పుకున్నారు. మన దేశం ఎంత పెద్దది, మన గృహాల్లో ఎంతమంది పిల్లలున్నారు! న్యాయంగా వెళ్ళే దారి ఇరుగ్గా ఉన్నంతకాలం దళారికి గిరాకీ తగ్గదండీ.

మా ఇల్లు, పరిస్థితులు చూసే హోమ్ స్టడీకి వచ్చినామె ఎంతో ఓపిగ్గా మాట్లాడింది, బాల్కనీకి గ్రిల్ పెట్టించమంది, పెట్టించాం. పాప వివరాలు పోర్టల్లో కనిపించాక 48 గంటల్లో రిజర్వ్ చేసుకోవాలి. మేం నలభై నిమిషాల్లో చేశాం. ఆ నలభై నిమిషాలు కూడా ఇంటర్నెట్ పోవడం వల్ల పట్టింది, ఆ టెన్షన్ ఇప్పటికీ తల్చుకుంటే చేతులు చల్లబడతాయి.

తనని చూడ్డానికి వెళ్ళిన రోజు గురించి మీకు తప్పకుండా చెప్పాలి. ఐదేళ్ళు నిండిన పిల్ల ఒప్పుకుంటేనే దత్తత ఇవ్వాలని నిబంధన. చాలా మంచి నిబంధన. దాన్ని ఎలా పాటించారంటే, ఒక ఆఫీసు గదిలో ఆరుగురు పెద్దవాళ్ళం కుర్చీల్లో కూర్చున్నాం, పాపని తీసుకొచ్చి మధ్యలో నిలబెట్టి, "వీళ్ళతో వెళ్తావా?" అని అడిగారు. పాప మా వైపు చూడలేదు. గుమ్మంలో నిలబడ్డ ఆయా వైపు చూసింది. ఆయా తలూపింది, అప్పుడు పాప కూడా తలూపింది. ఒప్పుకుంది అని రాసుకున్నారు. అంతకుముందు వారం రోజులు ఎవరైనా తనతో కూర్చుని, ఇల్లంటే ఏమిటి, అమ్మానాన్న అంటే ఎవరు, వెళ్తే మళ్ళీ ఇక్కడి వాళ్ళని చూడొచ్చా అని మాట్లాడి ఉంటే ఎంత బాగుండేది! కౌన్సెలర్ అనే పోస్టు ఉందట. ఖాళీగా ఉందట.

మా ఇంటికొచ్చాక చాలా రోజులు, రాత్రి ఏడు కాగానే, ఎవరూ పిలవకుండానే, తన కంచం గ్లాసు తీసుకుని వంటింటి గుమ్మం దగ్గర గోడకి ఆనుకుని నిలబడేది. మొదట నాకు అర్థం కాలేదు. లైన్లో నిలబడుతోందండీ. లైన్లో తనొక్కతే ఉన్నా, ముందు ఒకరికి చోటు వదిలి నిలబడేది. బల్ల దగ్గర కూర్చో అమ్మా అంటే కూర్చునేది, మర్నాడు ఏడింటికి మళ్ళీ అక్కడే. ఆ అలవాటు పోవడానికి ఐదు నెలలు పట్టింది.

నన్ను మొదటి రోజు నుంచే అమ్మా అని పిలిచింది. మా అత్తగారు సంబరపడిపోయారు. నాకు మాత్రం తెలుసు, గృహంలో పిల్లలు అక్కడ పనిచేసే ఆడవాళ్ళందర్నీ అమ్మా అనే పిలుస్తారు. వంటమ్మా అమ్మే, వాచ్‌మన్ భార్యా అమ్మే. ఆ పిలుపులో నేనూ ఒకదాన్ని. ఎనిమిదో నెలలో అనుకుంటా, మా వీధి చివర కొట్టుకి పంపితే పెరుగు ప్యాకెట్‌కి డబ్బులు చాల్లేదు. నేను వెనకాలే వస్తున్నాను, తను చూడలేదు. కొట్టాయనతో "మా అమ్మ తర్వాత ఇస్తాది" అంది. మా అమ్మ! ఆ ‘మా’ అన్న ఒక్క అక్షరం కోసం మంత్రిగారూ, రోడ్డు మీద నిలబడి ఏడ్చాను.

దత్తత ఉత్తర్వు విషయంలో మాకు ఇబ్బంది రాలేదు. 2022 సెప్టెంబరు నుంచి కోర్టుకి బదులు జిల్లా కలెక్టర్లే ఇస్తున్నారు, మాకు త్వరగానే వచ్చింది. ఉత్తర్వు వచ్చాక ఆధార్‌లో తల్లిదండ్రుల పేర్లు మార్చడానికి మాత్రం ఒక కేంద్రం నుంచి ఇంకో కేంద్రానికి నెలన్నర తిరిగాం, ప్రతిచోటా పాప ముందే "దత్తతా? అసలు అమ్మానాన్న ఎవరు?" అని గట్టిగా అడిగారు. కనీసం పిల్లల ముందు అడగొద్దని ఒక సర్క్యులర్ పంపించగలరా? దానికి బడ్జెట్ అక్కర్లేదు.

ఇంకొకటి ఫోస్టర్ కేర్. దత్తతకి కుదరని పిల్లలు ఉంటారు, తల్లి జైల్లో ఉండొచ్చు, తండ్రి జబ్బుతో ఉండొచ్చు, వాళ్ళని కొంతకాలం ఒక ఇంట్లో పెంచే పద్ధతి చట్టంలో ఎప్పట్నుంచో ఉంది. 2024లో కేంద్రం కొత్త మార్గదర్శకాలు ఇచ్చి, 35 నుంచి 60 ఏళ్ళ లోపు ఒంటరి వాళ్ళు కూడా పెంచుకోవచ్చంది. ఐదేళ్ళు పెంచాక దత్తత అడగొచ్చన్న దాన్ని రెండేళ్ళకి తగ్గించింది. పిల్లల సంరక్షణకి కేంద్రం పెట్టిన మిషన్ వాత్సల్య పథకం కింద నెలకి 4,000 రూపాయలు సాయం కూడా ఉంది. మా పై వాటాలో ఉండే టీచరమ్మకి 54 ఏళ్ళు, పెళ్ళి చేసుకోలేదు, మా పాపకి లెక్కలు ఆవిడే చెప్తుంది. తనూ ఒక పిల్లని పెంచుతానని ఒక ఆఫీసుకి వెళ్ళి అడిగితే, "అలాంటిది ఇక్కడ లేదమ్మా, మీరు కావాలంటే పండగలకి బట్టలు ఇవ్వండి" అన్నారట. పుట్టినరోజులకి కేకులు, పండగలకి బట్టలు తెచ్చేవాళ్ళు మన విశాఖలో బోలెడుమంది ఉన్నారు, వాళ్ళది మంచి మనసే. ఆ బట్టలు తెచ్చే చేతుల్లో కొన్నయినా పిల్లని ఇంటికి తీసుకెళ్ళగల చేతులు. ఆ సంగతి వాళ్ళకి చెప్పేవాళ్ళు కావాలి.

నేను అడిగేది పెద్ద పథకం కాదు. ప్రతి గృహంలో ప్రతి పిల్ల ఫైలు మీద, చివరిసారి చూడటానికి ఎవరు వచ్చారు, ఏ తేదీన వచ్చారు అని మొదటి పేజీలో రాయించండి. ఏడాది దాటితే ఆ ఫైలు తప్పనిసరిగా సమితి ముందుకి వెళ్ళాలి, ‘బంధువులు ఉన్నారు’ అని రాసినవాళ్ళు ఆ బంధువుల ఇంటికి స్వయంగా వెళ్ళివచ్చిన తేదీ కూడా రాయాలి. వెళ్ళి రావడానికి మనిషి కావాలి, కాబట్టి ఖాళీ పోస్టులు నింపండి. మా పాప కోసం బస్సెక్కిన ఆ సోషల్ వర్కర్ అమ్మాయి ఇప్పుడు అక్కడ లేదు, కాంట్రాక్టు అయిపోయి వేరే ఉద్యోగం చూసుకుంది. వెళ్తే బంధువులు మేమే పెంచుతాం అనొచ్చు కూడా. అంటే ఇంకా మంచిది, వాళ్ళకే ఆ నాలుగు వేలు ఇప్పించి పిల్లని ఇంటికి పంపండి. ఏదో ఒకటి తేలాలి.

చివరిగా ఒక విన్నపం. గృహంలో మా పాప పక్క మంచం మీద పడుకునే పిల్ల ఒకామె ఉంది, మా పాప కంటే ఏడాది పెద్దది. జడ వేయడం మా పాపకి తనే నేర్పింది. ఆదివారం బీచ్‌కి తీసుకెళ్ళినప్పుడల్లా మా పాప "అమ్మా, అక్కకి ఇల్లు దొరికిందా?" అని అడుగుతుంది. మొన్న కనుక్కున్నాను. ఆ పిల్ల ఫైల్లో కూడా ‘బంధువులు ఉన్నారు’ అనే ఉందట. ఆ గృహం పేరు, ఫైలు వివరాలు ఇక్కడ రాయకూడదు కాబట్టి విడిగా ఒక కవర్లో పెట్టి మీ పేరున వెలగపూడి సచివాలయానికి స్పీడ్ పోస్టులో పంపాను. రసీదు నా దగ్గరే ఉంది. వచ్చే ఆదివారం మా పాప మళ్ళీ అడుగుతుంది, ఉత్తరం రాశానని చెప్తాను.

ఇట్లు,
ఒక పాప తల్లి,
మద్దిలపాలెం, విశాఖపట్నం