సీలు తీయకముందే గడ్డకట్టిన హార్డెనర్, చదవకముందే మూసేసిన ఫిర్యాదు

ఉదయగిరి,
శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా.

కస్టమర్ కేర్ అధిపతి గారికి,

అయ్యా,

"మీ సమస్య పరిష్కారమైంది. మా సేవకి ఎన్ని స్టార్లు ఇస్తారు?" అని మీ కంపెనీ నుంచి మెసేజ్ వచ్చింది. ఏ సమస్య పరిష్కారమైందో కూడా అందులోనే రాసుంటే మేమూ సంతోషించేవాళ్లం. హార్డెనర్ టిన్ను ఇంకా మా బల్ల మీదే ఉంది. తలకిందులుగా పట్టుకున్నా చుక్క కారదు.

విషయం చిన్నది. మేం చేసే చిన్న చెక్క పడవల నమూనాల మీద కొట్టడానికి మీ పీయూ మ్యాట్ క్లియర్ (పాలీయురెథేన్‌తో చేసిన, మెరుపు లేని పారదర్శక పూత), దాన్ని గట్టిపరచడానికి అందులో కలిపే హార్డెనర్ కొన్నాం. నెల్లూరులో మీ డీలరు అంగట్లోనే, డీలరు చేత్తోనే సీలు తీయించాం. లోపల జున్ను మాదిరి గడ్డ. అదే బ్యాచ్‌ది ఇంకో టిన్ను తీయిస్తే అదీ గడ్డే. రెండు టిన్నులకీ అడుగు బయటికి ఉబ్బి ఉంది. తేమ తగిలితే ఈ హార్డెనర్ గడ్డకడుతుంది, గ్యాసు పుడుతుంది, ఆ గ్యాసుకే టిన్ను ఉబ్బుతుంది. అంటే మూత అంచున సీలింగ్ సరిగ్గా లేదు, లేకపోతే సరుకు గోడౌన్లో గడువు దాటి పడుంది. తయారీ తేదీ మీద ధర స్టిక్కరు అంటించి ఉంది కాబట్టి ఏది నిజమో మీరే చెప్పాలి. డీలరు పాపం మంచివాడే. "నా చేతుల్లో ఏం లేదు, కంపెనీకి ఫోన్ చెయ్యండి" అన్నాడు. సరుకు చెడిపోవడం ఎవరికైనా జరిగేదే. అక్కడితో అయిపోయి ఉంటే ఈ ఉత్తరమే ఉండేది కాదు.

మీ టోల్‌ఫ్రీ నంబరుకి చేస్తే ఇంటి లోపలి గోడలకి ఒకటి, బయటి గోడలకి రెండు, కురిసే శ్లాబుకి మూడు నొక్కమంటుంది. చెక్కకి ఏ అంకే లేదు. పాట అయిపోయే దాకా విని, మళ్లీ మొదట్నించి విని, చివరికి ఏదో ఒకటి నొక్కితే ఒకమ్మాయి పలికింది. "గోడ ఎన్ని చదరపు అడుగులు సార్?" గోడ కాదమ్మా, పడవ అన్నాం. "పడవ ఎన్ని చదరపు అడుగులు సార్?" బకింగ్‌హాం కాలువ మీద ఒకప్పుడు ఉప్పు, కట్టెలు మోసిన సరుకు పడవకి 1:24 నిష్పత్తిలో చేసిన నమూనా అనీ, పొడవు 22 అంగుళాలనీ, అయినా మా ఫిర్యాదు పడవ గురించి కాదు, టిన్ను గురించి అనీ నిదానంగా చెప్పాం. ఆమె అంతా విని, చాలా మర్యాదగా మమ్మల్ని మీ మెరైన్ పెయింట్ల విభాగానికి కలిపింది.

అక్కడాయన బోటు ఇప్పుడు నీళ్లలో ఉందా, ఒడ్డుకి లాగారా అని అడిగాడు. కృష్ణపట్నం దగ్గరైతే మనిషిని పంపిస్తానన్నాడు. బల్ల మీద ఉంది సామీ అంటే నవ్వలేదు. ఎపాక్సీ ప్రైమర్ అనే అడుగుపూత మూడు సార్లు, అంటే మూడు కోట్లు, కొట్టమని సలహా ఇచ్చాడు. నమూనాల పని తెలియనివాళ్లకి ఇది సలహాలాగే కనిపిస్తుంది కాబట్టి లెక్క చెబుతాం. ఒక్కో కోటు 100 మైక్రాన్లు అనుకుంటే మూడు కోట్లకి 0.3 మిల్లీమీటర్లు. 1:24లో దాన్ని 24తో గుణిస్తే, అసలు పడవ మీద 7.2 మిల్లీమీటర్ల మందాన పూత పోసినట్టు. పలకల మధ్య కత్తిమొనతో గీసిన సందు 0.2 మిల్లీమీటర్లు. మొదటి రెండు కోట్లకే అది పూడిపోయి, పడవ కాస్తా ఒంటి దుంగ అవుతుంది. మేం చేసేది 320 నంబరు ఉప్పుకాగితంతో రుద్ది, చెక్క రంధ్రాలు మూసే సీలర్ పల్చగా ఒక కోటు పట్టించి, ఆరాక ఇంకా సన్నదైన 400 నంబరుతో తేలిగ్గా రుద్ది, సన్న నాజిల్‌తో మ్యాట్ రెండు కోట్లు మంచు పట్టినట్టు కొట్టడం. అంతా కలిపి 40 మైక్రాన్లు దాటనివ్వం. అప్పుడు లెక్కలో మిల్లీమీటరు కూడా రాదు. మ్యాట్ ఎందుకంటారా, నిగనిగలాడితే నమూనా బొమ్మలాగా కనిపిస్తుంది కాబట్టి. ఇవన్నీ ఆయన వింటాడనుకున్నాం. మధ్యలోనే లైను కట్.

మళ్లీ మొదట్నించి. ఈసారి దొరికిన కుర్రాడి ముందు ఏదో కాగితం ఉన్నట్టుంది, దాన్నే చదువుతున్నాడు. మీ చెక్కలో తేమ ఎక్కువగా ఉంది కాబట్టే మెటీరియల్ గడ్డకట్టిందన్నాడు. డీలరు అంగట్లో సీలు తీసిన టిన్నులోకి, ఎక్కడో ఉదయగిరిలో ఉన్న మా చెక్క తేమ ఎట్లా పోయింది నాయనా అని అడిగాం. కాసేపు మౌనం. తర్వాత అదే వాక్యం మళ్లీ చదివాడు.

కాగితంలో మిగతా సలహాలు కూడా వినండి. గడ్డని ఎన్‌సీ థిన్నర్ (నైట్రోసెల్యులోజ్ పూతల్ని పల్చన చేసే ద్రావకం) పోసి కరిగించుకోమన్నాడు. గడ్డకట్టిన హార్డెనర్ ఏ థిన్నర్‌కీ తిరిగి కరగదు. పైగా ఎన్‌సీ థిన్నర్‌లో ఆల్కహాలు ఉంటుంది. మిగిలిన మంచి హార్డెనర్‌ని కూడా అది తినేసి, పూత రోజుల తరబడి వేలికి అంటుకుంటూనే ఉంటుంది. పీయూ థిన్నర్‌నే వాడాలని మీ టిన్ను మీదే రాసి ఉంది, మీ అబ్బాయికి ఒకసారి చదివి వినిపించండి. హార్డెనర్ పాలు పెంచమన్నాడు. పెంచితే పూత పెళుసెక్కి, తెరచాప కొయ్య మొదట్లో వెంట్రుకలంత పగుళ్లు వస్తాయి. ముసురు రోజుల్లో అయితే బుడగలు కూడా లేస్తాయి. అన్నిటికంటే గొప్పది, నమూనాని ఎండలో పెట్టమనడం. రెండు మిల్లీమీటర్ల పలకని మా ఊరి ఎండలో పెడితే మధ్యాహ్నానికి వంగి, జిగురు అతుకులు నోళ్లు తెరుస్తాయి. చెక్క ఆరాల్సింది నీడలో, గాలి ఆడే చోట, పని మొదలుపెట్టకముందు. ఈ సంగతి ఉదయగిరిలో చెక్క గరిటె చెక్కే ఎవర్నడిగినా చెబుతారు.

తర్వాత మీ సైట్ ఇంజనీర్ వచ్చాడు. వచ్చినందుకు సంతోషమే. కానీ టిన్ను చూపిస్తే అటు తిరిగి చూడలేదు. "ముందు సబ్‌స్ట్రేట్ చెక్ చేయాలి", అంటే పూత వేసే చెక్కని చూడాలి, అంటూ సంచిలోంచి రెండు సూదుల తేమ మీటరు తీసి, మేం వద్దు వద్దంటుండగానే పడవ పక్కపలకలో దింపేశాడు. పలక మందం రెండు మిల్లీమీటర్లు, సూదులు అవతలికి వచ్చాయి. ఒక్కో బొక్క ఒక మిల్లీమీటరు. అసలు పడవలో అయితే 24 మిల్లీమీటర్లు, బొటనవేలు దూరుతుంది. అదీ సరిగ్గా నీటి గీతకి దిగువన. పడవ మునుగుతుందా తేలుతుందా అన్నది మీ మెరైన్ విభాగమే చెప్పాలి. మీటరులో వచ్చిన అంకె 11. మీ టిన్ను మీద రాసిన హద్దు 12 శాతం. ఆయన రిపోర్టులో రాసింది "తేమ ఎక్కువ".

ఆ బొక్కల్ని రంపంపొట్టూ జిగురూ కలిపి పూడ్చమని కూడా ఆయనే సెలవిచ్చాడు. జిగురు తగిలిన చోట చెక్క పూతని పీల్చుకోదు. క్లియర్ కొట్టగానే అక్కడ మచ్చ తేలుతుంది. పలకే ఊడదీసి మార్చాలి. దాని పక్క పలకల అతుకులు కూడా కదులుతాయి. ఆ పని ఎంతో మీ ఇంజనీరుకి తెలియదు, తెలుసుకోవాలనీ అనుకోలేదు.

వాట్సాప్ సంగతి క్లుప్తంగా చెబుతాం. ఫోటోలు పంపితే మసగ్గా ఉన్నాయన్నారు. వెలుతురులో తీసి పంపితే గోడ కనిపించడం లేదన్నారు. ఈమెయిల్‌కి జవాబు రాస్తే ఈ చిరునామాకి జవాబులు రాయకండి అని జవాబొచ్చింది. ఆ తర్వాతే స్టార్లు అడిగిన మెసేజ్.

మీ సీలర్, మీ థిన్నర్, మీ మ్యాట్ క్లియర్ ఏళ్ల తరబడి వాడుతున్నవాళ్లం మేం. ఇక్కడ పని నేర్చుకునే పిల్లలకి మొదట చూపించేది మీ డబ్బానే. మ్యాట్ పొడి అడుక్కి పేరుకుంటుంది, డబ్బా ఊపితే చాలదు, చదునైన పుల్లతో అడుగుదాకా తగిలించి కలపాలి, లేకపోతే మొదటి పడవ మెరుస్తుంది, చివరి పడవ తెల్లబారుతుంది అని మీ సరుకు వాడకం మీ తరఫున నేర్పింది మేమే. జీతం అడగలేదు. అడిగింది విన్నామన్న ఒక్క మాట. ఆ మాట చెప్పడానికి మీ దగ్గర ఏ విభాగమూ లేదని తెలిసింది.

టిన్ను మార్చివ్వడం, పలక ఖర్చు ఇవ్వడం మీకు ఎట్లాగూ తప్పదు, దాని గురించి ఎక్కువ రాయం. ఇప్పుడు మాకు అది చాలదు. మూసేసిన ఫిర్యాదుని తెరిచి, "తేమ ఎక్కువ" అన్న రిపోర్టు తప్పని రాతపూర్వకంగా, కింద మనిషి పేరూ సంతకమూ పెట్టి పంపాలి. మాట్లాడే మనిషికి చెక్కకీ గోడకీ తేడా తెలిసుండాలి. లేదంటే ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేస్తాం. ఆ తర్వాత నెల్లూరులో జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం కొన్నవాళ్లు ఉండే చోటే కేసు వేయొచ్చు, మీ హెడ్ ఆఫీసు ఎక్కడున్నా ఫరవాలేదు. రెండేళ్ల గడువుంది. మాకు తొందర లేదు. చెక్క ఆరేదాకా ఆగడం మాకు అలవాటే. అప్పుడు మాత్రం అడిగేది ఒక టిన్ను ధర కాదు.

ఇంకో సంగతి. అదే బ్యాచ్ టిన్నులు డీలరు అంగట్లో అరల మీద ఇంకా అమ్మకానికి ఉన్నాయి. అడుగు ఉబ్బినవాటిని ముందు వెనక్కి తెప్పించుకోండి. లోపల గ్యాసు ఒత్తిడి ఉంటుంది, స్క్రూడ్రైవర్‌తో మూత లేపేటప్పుడు ఎగిరి ముఖానికి తగులుతుంది. కనీసం ఈ ఒక్క మాటైనా డీలర్లకి ఫోన్ చేసి చెప్పండి. టోల్‌ఫ్రీ నంబరు ద్వారా మాత్రం వద్దు.

ఇట్లు,
ఉదయగిరి చెక్క నమూనాల పనివారు

జతచేసినవి: బిల్లు నకలు, ఉబ్బిన టిన్నుల ఫోటోలు, బొక్కలు పడిన పలక ఫోటో, మీ ఇంజనీరు రిపోర్టు. పలక ఫోటోలో మీటరు అంకె కూడా కనిపిస్తుంది, అది 11.