మార్చండి, మూలాన్ని మాత్రం చెరపకండి

సంపాదకులకు,

పాత ఫాంట్లలో కంపోజ్ చేసిన తెలుగు పుస్తకాలను, పత్రికల సంచికలను, ప్రపంచ భాషల అక్షరాలకు ఒక్కో సంకేతాన్ని ఇచ్చే ఉమ్మడి పట్టిక అయిన యూనికోడ్‌లోకి మార్చడం మంచి పనే. అయితే మార్పు పూర్తికాగానే మూల ఫైళ్లను తీసేసే అలవాటును ఆపాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

అను, శ్రీలిపి వంటి ఫాంట్లు దాచేది అక్షరాలను కాదు, అచ్చులో కనిపించే వాటి ముక్కలను. గుడి, కొమ్ము, వత్తు వంటివాటికి వాడిన సంకేతాలు నిజానికి రోమన్ అక్షరాలవి, గుర్తులవి కావడంతో, ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే పిచ్చిగీతలే కనిపిస్తాయి. 1991లో వెలువడిన తొలి కూర్పులోనే తెలుగుకు చోటిచ్చిన యూనికోడ్ పలికే క్రమాన్ని పాటిస్తుంది కనుక, అందులో ‘క్ర’ అంటే క, పొల్లు, ర. పాత ఫైల్లో మాత్రం ఎడమవైపు కనిపించే క్రావడి ‘క’ కంటే ముందే నమోదై ఉండవచ్చు. ఆ వరుసను సరిచేయని కన్వర్టర్ చేతిలో ‘చక్రం’ కాస్తా ‘చ్రకం’ అవుతుంది.

యూనికోడ్‌లోకి వచ్చాక కూడా ప్రమాదం పూర్తిగా తొలగదు. యూనికోడ్ సంకేతాలను ఫైల్లో దాచే పద్ధతుల్లో ఒకటైన యూటీఎఫ్-8లో ప్రతి తెలుగు సంకేతానికీ 3 బైట్లు (ఫైల్లో దాచే చిన్న ముక్కలు) పడతాయి. ఆ ఫైలును పశ్చిమ యూరప్ భాషల కోసం ఉద్దేశించిన విండోస్-1252 పట్టికతో చదివిస్తే ఒక్కో బైటు ఒక్కో గుర్తుగా విడిపోతుంది. అంతవరకే అయితే వెనక్కి తిప్పి బాగుచేయవచ్చు. కానీ పొల్లుకూ, కొమ్ముకూ వచ్చే చివరి బైట్లకు ఆ పట్టికలో ఏ గుర్తూ లేదు. తెలుగులో ఇంతగా వాడే రెండింటికే ఈ గతి పట్టడం మన దురదృష్టం. ఖాళీ కనిపించినచోట ప్రశ్నార్థకం పెట్టే ప్రోగ్రాముతో ఆ ఫైలును ఒక్కసారి సేవ్ చేస్తే, అక్కడ ఉన్నది పొల్లో, కొమ్మో చెప్పగలిగే ఆధారం ఫైల్లో మిగలదు.

కాబట్టి మూల ఫైలును, అందులో వాడిన ఫాంటు పేరును, వీలైతే దాని కూర్పు సంఖ్యను కూడా మార్చిన ప్రతితో కలిపి భద్రపరచాలి. మూలాన్ని అదే ఫాంటుతో పీడీఎఫ్‌గా తీసి, దానితో పోల్చి కొత్త ప్రతిని ప్రూఫ్ చదివించాలి. ‘చ్రకం’ వంటివి కంప్యూటర్ లెక్కలో సక్రమమైన సంకేతాలే కనుక, చదివే మనిషి లేకపోతే అవి పట్టుబడవు. కన్వర్టర్లను తయారుచేసేవారు కూడా తమకు అర్థంకాని సంకేతాన్ని గుట్టుగా వదిలేయకుండా, అది ఏ పేజీలో ఏ వరుసలో ఉందో చూపే ఏర్పాటు చేయాలి.

ఇట్లు,
ఒక పాఠకుడు