ముందు రంధ్రం పెద్దది చేస్తే సరిపోతుందా?

సంపాదకుడు గారికి,

పోయిన ఆదివారం జిల్లా పేజీలో మన పిల్లలు సొంతంగా తయారుచేసిన విమానం ఇంజిన్ నేల మీది ట్రయల్‌లోనే వేడెక్కిపోయిందని "ఎగరకముందే ఉడికింది" అంటూ వేసిన వార్త చదివి, రాయాలా వద్దా అని ఆగి ఆగి ఇవాళ రాస్తున్నా. వెటకారం సంగతి అట్లుంచండి, అసలు ఫొటోనే తప్పు. వాళ్లు పెట్టింది మాజ్దా కార్లలో వచ్చిన 13బీ వాంకెల్ ఇంజిన్. మీరు అచ్చేసింది మొదటి ప్రపంచ యుద్ధం నాటి నోమ్ ఇంజిన్, ప్రొపెల్లర్‌తో పాటు సిలిండర్లన్నీ గిర్రున తిరిగి గాలికే చల్లబడే రకం. వాంకెల్‌లో తిరిగేది లోపలి మూడు మూలల రోటర్. బయటి కేసింగ్‌ను నీళ్లు చల్లబరిస్తే, రోటర్‌ను ఆయిల్ చల్లబరచాలి. చల్లార్చాల్సిన వేడిలో దాదాపు మూడో వంతు ఆయిల్ మీదే పడుతుంది కాబట్టి ఆయిల్ కూలర్‌కు కూడా గాలి బాగా తగలాలి.

ఇక మీ వార్తలో ఊరూ పేరూ లేని నిపుణుడొకాయన, ఇంజిన్‌కు గాలి వచ్చే ముందు రంధ్రం చిన్నదైంది, పెద్దది చేస్తే చాలన్నాడట. తలుపులు, కిటికీలు బిగించుకుని కూలర్ వేస్తే ఏమవుతుందో వరంగల్‌లో చిన్నపిల్లాడిని అడిగినా చెప్తాడు. నేను వెళ్లి చూశాను. రేడియేటర్ కింది అంచుకూ కౌలింగ్‌కూ (ఇంజిన్ మీది రేకు తొడుగు) మధ్య నాలుగు వేళ్లు పట్టే సందుంది. అంత సులువైన దారి ఉండగా రేడియేటర్ ఫిన్ల (సన్నటి రేకుల) మధ్య నుంచి దూరాల్సిన ఖర్మ గాలికేంటి? ఆ సందు రబ్బరు పట్టీతో మూసి, లోపలికి పోను పోను వెడల్పయ్యే డక్ట్ (గాలి గొట్టం) కడితే గాలి నెమ్మదించి, ఒత్తిడి పెరిగి రేడియేటర్‌లోంచే పోతుంది. వెనక వేడిగాలి పోయే దారి సరిపడా ఉండాలి, నేల మీదా పైకెక్కేటప్పుడూ తెరుచుకునే ఫ్లాప్ పెడితే ఇంకా మేలు. ఇవేవీ లేకుండా ముందు రంధ్రం పెంచితే పెరిగేది డ్రాగ్ (విమానాన్ని వెనక్కి లాగే గాలి నిరోధం) ఒక్కటే.

పైగా ట్రయల్ పెట్టింది మే నెల మిట్టమధ్యాహ్నం, ముఖ్య అతిథి గారికి అప్పుడే తీరిక దొరికిందట! 43 డిగ్రీల ఎండ. నీళ్లు 95 దగ్గర ఆగాలంటే గాలికీ నీళ్లకూ తేడా 52 డిగ్రీలే, అదే 20 డిగ్రీల చలికాలం పొద్దునైతే 75. అంటే అదే రేడియేటర్ దాదాపు మూడో వంతు తక్కువ వేడి లాగుతుంది. అది చాలదన్నట్టు శాలువాలు, ఫొటోలు అయ్యేదాకా విమానాన్ని కదలనీయకుండా ఇంజిన్ నడిపించారు. ఉడకక ఏం చేస్తుంది?

ట్యాక్సీ పరీక్షకు (విమానాన్ని నేల మీదే నడిపి చూడటానికి) జాగా అడిగితే ఈ ఆఫీసు నుంచి ఆ ఆఫీసుకు తిప్పి, చివరికి గుంతల గ్రౌండు చూపించారు. నిజాం కాలం నాటి మన వరంగల్ మామునూరు విమానాశ్రయం 1981లో మూతపడితే, మళ్లీ తెరవడానికి కేంద్రం ఊ అనేసరికి 2025 ఫిబ్రవరి వచ్చింది. మధ్యలో ఎన్ని ఎన్నికల ప్రసంగాల్లో విన్నామో! అది రావాల్సిందే, కాదనను. ఈలోపు ఇక్కడే విమానం చేసే పిల్లలుంటే వాళ్లకు దక్కింది ఒక శాలువా, మర్నాడు మీ హెడ్డింగ్.

విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అనుమతి లేకుండా ఎగరేయమని ఎవరూ అనట్లేదు. నేల మీద పరీక్షకు సాఫీగా ఉన్న రోడ్డు ముక్క, పొద్దున 6 గంటలకు, అతిథులు లేకుండా ఇప్పించమంటున్నాం. మీ విలేకరిని కూడా పంపండి, కాకపోతే టెంపరేచర్ గేజీ చూడటం వచ్చినాయన్ని.

— ఒక రిటైర్డ్ డీజిల్ మెకానిక్ ఇన్‌స్ట్రక్టర్, హన్మకొండ